వెనక్కి వస్తే ఒప్పుకున్నట్టే: జెఫర్సన్ హయాంలో అధ్యక్షుడి ఉత్తరాల నడక

అమెరికా అధ్యక్షుడు పదవి దిగిపోయాక ఆయన బల్ల మీది కాగితాలు ఎవరివి? కొన్నేళ్లుగా ఈ ప్రశ్న వార్తల్లో నలుగుతోంది. 1978లో కాంగ్రెస్ చట్టం చేసేదాకా అవి అధ్యక్షుడి సొంత ఆస్తిగానే చెల్లాయంటే చాలామందికి నమ్మబుద్ధి కాదు. ప్రభుత్వ పని మీద వచ్చిన ఉత్తరం ఒక మనిషి సొత్తు ఎలా అవుతుంది? దీనికి జవాబు చట్టాల పుస్తకాల్లో కంటే, తొలినాళ్లలో ఆ ఉత్తరాలు రోజూ నడిచిన తీరులోనే ఎక్కువగా దొరుకుతుంది.

ఆ తీరును దగ్గరగా చూడటానికి మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ హయాం (1801 మార్చి 4 నుంచి 1809 మార్చి 4 వరకు) బాగా పనికొస్తుంది. పద్ధతి ఎలా ఉండాలో ఆయన కాగితం మీద పెట్టాడు. వచ్చిన ఉత్తరాన్నీ పోయిన ఉత్తరాన్నీ తన చేత్తోనే పట్టీలో ఎక్కించాడు. రాసినదానికి నకలు ఉంచుకోవడంలో ఆయనంత పట్టుదల చూపినవాళ్లు ఆ కాలంలో అరుదు.

క్లుప్తంగా

తొలి అధ్యక్షులకు ఆఫీసు సిబ్బంది లేరు, సెక్రటరీ జీతం కూడా సొంత జేబులోంచే వెళ్లేది. ప్రతి శాఖ నుంచీ రోజుకో కాగితాల కట్ట అధ్యక్షుడి దగ్గరకు వెళ్లి, ఆయన చదివాక తిరిగొచ్చేది. ఏ రాతా లేకుండా తిరిగొస్తే అదే ఆమోదం. ఇందువల్ల తపాలు ఒక రోజు ఆలస్యమయ్యేది, కానీ అన్ని శాఖల సంగతులూ ఒక్కచోట తెలిసేవి. అధ్యక్షుడు ఊళ్లో లేకపోయినా, ఉత్తరాలు లెక్కకు మించినా ఈ పద్ధతి తడబడేది.

నడిచి వెళ్లేంత దూరంలో ప్రభుత్వం

1800లో రాజధాని ఫిలడెల్ఫియా నుంచి వాషింగ్టన్‌కు మారినప్పుడు వెంట వచ్చిన ప్రభుత్వోద్యోగులు సుమారు 130 మంది. అందులో పెద్ద వాటా ఖజానా శాఖది. విదేశాంగ శాఖ అంటే మంత్రి జేమ్స్ మాడిసన్, ప్రధాన గుమాస్తా జేకబ్ వాగ్నర్, వాళ్ల కింద పది మందిలోపు గుమాస్తాలు. పేరుకు విదేశాంగమే అయినా పేటెంట్లు, జనాభా లెక్కలు, చట్టాల ప్రచురణ, నియామక పత్రాల మీద ముద్ర వేయడం కూడా ఆ కొద్దిమంది పనే. ఖజానాకు ఆల్బర్ట్ గాలటిన్, యుద్ధశాఖకు హెన్రీ డియర్‌బోర్న్, నౌకాశాఖకు రాబర్ట్ స్మిత్ మంత్రులు. అటార్నీ జనరల్ లీవై లింకన్‌కు శాఖంటూ లేదు, ఆయన ఇచ్చేది న్యాయ సలహా మాత్రమే.

అధ్యక్ష భవనానికి తూర్పున ఖజానా, పడమర మిగతా శాఖలు. ఒక నౌకరు కాగితాల కట్ట చంకన పెట్టుకుని నిమిషాల్లో నడిచి వెళ్లగలిగిన దూరం. ఇది చిన్న వివరంలా కనిపిస్తుంది గానీ, ముందుముందు చెప్పబోయే పద్ధతంతా దీని మీదే ఆధారపడింది.

అధ్యక్షుడి జీతం ఏడాదికి 25,000 డాలర్లు. ఇంటి ఖర్చు, విందులు, నౌకర్లు, సెక్రటరీ అన్నీ అందులోనే సర్దుకోవాలి. అధ్యక్షుడి సెక్రటరీకి కాంగ్రెస్ విడిగా డబ్బు మంజూరు చేసింది 1857లో. 1801 ఫిబ్రవరిలో మెరివెదర్ లూయిస్‌ను పిలిచినప్పుడు జెఫర్సన్ ఏడాదికి 500 డాలర్లు, తన ఇంట్లోనే తిండీ వసతీ ఇస్తానన్నాడు. లూయిస్ సైన్యంలో అధికారి. ఆయన్ను ఎంచుకున్నది దస్తూరి చూసి కాదు, సైన్యం గురించీ పడమటి ప్రాంతాల గురించీ ఆయనకున్న ఎరుక కోసం. కాంగ్రెస్‌కు సందేశాలు మోసుకెళ్లడం, సైనికాధికారుల జాబితాలో ఎవరి పనితనం ఏమిటో, ఎవరి రాజకీయం ఏమిటో పేర్ల పక్కన గుర్తులు పెట్టడం వంటివి ఆయనకు అప్పగించిన పనులు. 1803లో లూయిస్ పసిఫిక్ యాత్రకు బయల్దేరాక లూయిస్ హార్వీ, విలియం బర్వెల్, ఐజక్ కోల్స్ వరసగా ఆ స్థానంలోకి వచ్చారు.

ఉత్తరాలు రాసే పని మాత్రం ఎక్కువగా జెఫర్సన్‌దే. 1786లో పారిస్‌లో విరిగిన కుడి మణికట్టు సరిగ్గా అతక్క జీవితాంతం బిగుసుకునే ఉండిపోయింది. ఆ చేత్తోనే రోజూ గంటల తరబడి రాసేవాడు. తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ పద్ధతి వేరు. టోబియాస్ లియర్, డేవిడ్ హంఫ్రీస్, విలియం జాక్సన్ వంటి సెక్రటరీలు చిత్తులు తయారుచేసేవారు, లెటర్ బుక్కుల్లోకి నకళ్లు ఎత్తేవారు. జెఫర్సన్ ఆ బరువంతా తన మీదే వేసుకున్నాడు. గోప్యత దక్కింది, కాలం ఖర్చయింది.

1801 నవంబరు 6 నాటి సర్క్యులర్

పదవిలోకి వచ్చిన ఎనిమిది నెలలకు జెఫర్సన్ శాఖాధిపతులకు ఒక సర్క్యులర్ పంపాడు. కొత్త పద్ధతి పెడుతున్నానని అందులో లేదు. వాషింగ్టన్ కాలంలో ఏం జరిగేదో గుర్తు చేసి, ప్రస్తుతానికి మనమూ అలాగే చేద్దాం, మార్పులేమైనా ఉంటే అనుభవం మీద చేసుకుందాం అన్నాడు. 1790 నుంచి 1793 దాకా వాషింగ్టన్ కింద విదేశాంగ మంత్రిగా పనిచేసినవాడు కాబట్టి ఆయనకు ఆ పద్ధతి లోపలి నుంచి తెలుసు.

సర్క్యులర్ ప్రకారం ఉత్తరాలు రెండు దారుల్లో వస్తాయి. కొన్ని నేరుగా అధ్యక్షుడి పేరిట, ఎక్కువ భాగం శాఖాధిపతుల పేరిట. అధ్యక్షుడికి వచ్చినవి ఆయా శాఖలకు వెళ్లాలి, చర్య తీసుకోవలసింది శాఖే. శాఖకు వచ్చిన ఉత్తరానికి జవాబు అక్కర్లేకపోతే, విషయం తెలియడం కోసం అధ్యక్షుడికి చూపిస్తే చాలు. జవాబు కావాలంటే ఉత్తరాన్నీ, తాను ఇవ్వదలచిన జవాబు చిత్తునూ మంత్రి కలిపి పంపాలి.

పద్ధతికి కీలకం ఇక్కడే ఉంది. అధ్యక్షుడు చదివి ఊరికే వెనక్కి పంపితే ఆమోదించినట్టు. ఎక్కడైనా మార్చాలనుకుంటే, ఏదైనా అడగాలనుకుంటే, చిన్న చీటీ జతచేసి పంపుతాడు. ముఖ్యమైన సందేహం వస్తే కాగితాన్ని తన దగ్గరే అట్టిపెట్టుకుని ముఖాముఖి మాట్లాడతాడు.

మన ఆఫీసుల్లో ఫైలు మీద సంతకం పడితేనే పని కదులుతుంది. అక్కడ లెక్క తిరగబడింది: మౌనం అంగీకారం, రాత అభ్యంతరం. మామూలు కాగితాలే ఎక్కువగా ఉండే చోట ఈ ఏర్పాటు చాలా తెలివైనది. నూటికి తొంభై కాగితాలకు అధ్యక్షుడు కలం ఎత్తనక్కర్లేదు. చీటీ ఉన్న కాగితం ఒకటి వస్తే అది మంత్రి కంట్లో వెంటనే పడుతుంది. ఇబ్బంది కూడా ఇందులోనే ఉంది. పైపైన చూసి పంపాడా, శ్రద్ధగా చదివి ఒప్పుకున్నాడా అన్నది కాగితం చెప్పదు.

ఖర్చును జెఫర్సన్ దాచలేదు. మంత్రులకు రోజుకో కట్ట తయారుచేసే శ్రమ. తపాలు మామూలుగా ఒక రోజు వెనకబడుతుంది. అత్యవసరమైతే ఆ ఒక్క కాగితాన్నీ విడిగా పట్టుకొచ్చి అప్పటికప్పుడు చూపించవచ్చు. ప్రతిఫలంగా మంత్రి చేసిన ప్రతి పనికీ అధ్యక్షుడి అండ ఉంటుంది, బాధ్యత ఎవరిదో తేలిపోతుంది.

ఆడమ్స్ కాలంలో ఏం తెగిపోయింది

ఆ సర్క్యులర్‌లోనే, జెఫర్సన్‌కు ముందు అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ మీద ఒక ఘాటైన వాక్యం ఉంది. ఆయన దీర్ఘకాలం రాజధానికి దూరంగా ఉండటంతో ఈ రాకపోకలు సాగలేదని, ప్రభుత్వం నాలుగు స్వతంత్ర తలల మధ్య పంపకమై ఒక్కోసారి ఒక్కో దిక్కుకు లాగిందని దాని సారం. ఓడిన ప్రత్యర్థి గురించి గెలిచినవాడు చెప్పిన మాట కాబట్టి జాగ్రత్తగానే తీసుకోవాలి. అయినా అసలు సంగతి నిజం. 1799 మార్చిలో ఆడమ్స్ మసాచుసెట్స్‌లోని క్విన్సీకి వెళ్లి అక్టోబరు దాకా తిరిగి రాలేదు. ఆ కాలంలో ఫ్రాన్స్‌కు శాంతి బృందాన్ని పంపే విషయంలో విదేశాంగ మంత్రి టిమోతీ పికరింగ్, మరికొందరు సొంత దారి పట్టారు. వాళ్లు ఆడమ్స్ పక్షంలోనే ఉంటూ ఆయనతో పడని నాయకుడు అలెగ్జాండర్ హామిల్టన్ మాట వినేవాళ్లు. రాజధానికి వచ్చి కూర్చోండి అని నౌకాశాఖ మంత్రి బెంజమిన్ స్టాడర్ట్ స్వయంగా ఆడమ్స్‌కు రాయవలసి వచ్చింది.

ఇక్కడ లోపం మనుషులలో ఎంతుందో దూరంలోనూ అంతే ఉంది. కట్ట రోజూ వెళ్లి రోజూ రాగలిగితే మంత్రికి సొంతంగా నడిచే సందు దొరకదు. వెళ్లి రావడానికి వారాలు పడితే, ఆ వారాల్లో నిర్ణయం తీసుకునేది చిత్తు రాసిన మంత్రే.

జెఫర్సన్ కూడా ఊళ్లో ఎప్పుడూ ఉండిపోలేదు. ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జ్వరాల కాలం అని వాషింగ్టన్ వదిలి వర్జీనియాలోని మాంటిచెల్లో ఇంటికి వెళ్లేవాడు. తేడా ఏమిటంటే దూరం సుమారు 120 మైళ్లే. అడిగిన ప్రశ్నకు వారం అటూఇటుగా జవాబు వచ్చేది, వెళ్లే ముందే తపాలు రోజులు మంత్రులకు తెలిపి వెళ్లేవాడు. ఒక రోజు ఆలస్యం వారం ఆలస్యంగా పెరిగేది గానీ గొలుసు తెగేది కాదు.

ఒక్క జవాబు, మూడు రోజులు

పద్ధతి పనిచేయడం చూడాలంటే అందరికీ తెలిసిన ఒక ఉత్తరాన్ని పట్టుకోవచ్చు. కనెటికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టుల (ఒక క్రైస్తవ శాఖ) సంఘం 1801 అక్టోబరు 7 తేదీతో అధ్యక్షుడికి ఒక అభినందన పత్రం రాసింది. అది జెఫర్సన్‌కు చేరింది డిసెంబరు 30న. అంటే దాదాపు పన్నెండు వారాలకు.

జెఫర్సన్ వెంటనే చిత్తు రాశాడు. మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అన్న ప్రసిద్ధమైన మాట అందులోదే. పంపే ముందు న్యూ ఇంగ్లండ్ (కనెటికట్, మసాచుసెట్స్ వంటి ఈశాన్య రాష్ట్రాలు) జనం నాడి తెలిసిన ఇద్దరికి చూపించాడు. మర్యాద జవాబులా కనిపించినా ఆ ప్రాంతంలో దాన్ని రాజకీయ ప్రకటనగానే చదువుతారని ఆయనకు తెలుసు. పోస్ట్‌మాస్టర్ జనరల్ గిడియన్ గ్రేంజర్ మార్చవలసిందేమీ లేదన్నాడు. లీవై లింకన్ మాత్రం ఒక చోట వేలు పెట్టాడు. ప్రభుత్వం ఉపవాస దినాలనూ కృతజ్ఞతా దినాలనూ ప్రకటించడం న్యూ ఇంగ్లండ్‌లో తాతలనాటి అలవాటు, వాటిని తానెందుకు ప్రకటించడో అధ్యక్షుడు చెప్పిన వాక్యాలు మన పక్షం వాళ్లకే నొప్పి కలిగిస్తాయి అని.

జెఫర్సన్ ఆ భాగం చుట్టూ గీత గీశాడు. తూర్పు రాష్ట్రాల రిపబ్లికన్ (అప్పట్లో జెఫర్సన్ పక్షం పేరు) మిత్రులకు ఇబ్బంది అవుతుందన్న సూచన మీద దీన్ని వదిలేశానని మార్జిన్‌లో రాసుకున్నాడు. శుద్ధప్రతి 1802 జనవరి 1 తేదీతో వెళ్లిపోయింది. రావడానికి పన్నెండు వారాలు, జవాబుకు మూడు రోజులు. చిత్తును పారేయకుండా ఉంచడం వల్లే, కొట్టేసినదేమిటో ఎందుకు కొట్టేశాడో నేటికీ తెలుస్తోంది. 1998లో ఎఫ్‌బీఐ ప్రయోగశాల ఆ చిత్తును పరీక్షించి సిరా కింద మరుగైన పదాలను బయటికి తీసింది.

పట్టీ: ఎడమ పోయినవి, కుడి వచ్చినవి

1783 నవంబరు నుంచి 1826లో కన్నుమూసే దాకా జెఫర్సన్ ఒక ఉత్తరాల పట్టీ నడిపాడు. మొత్తం 656 పేజీలు. ఒక వరసలో తాను రాసినవి, పక్క వరసలో తనకు వచ్చినవి. మనకు తెలిసిన ఇన్‌వర్డు, అవుట్‌వర్డు రిజిస్టర్లు రెండూ ఒకే పుటలో పక్కపక్కన ఉన్నట్టు ఊహించుకోవచ్చు. వచ్చిన ఉత్తరానికి పంపినవారి పేరు, ఊరు, రాసిన తేదీ, అందిన తేదీ. ఉత్తరం వెనకా అదే సమాచారాన్ని చిన్న అక్షరాలతో ఎక్కించేవాడు.

ఈ రెండు తేదీల అలవాటు ఎంత విలువైనదో చెప్పలేం. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ప్రయాణ కాలం తెలుస్తుంది. ఏ వార్త ఏ రోజుకు అధ్యక్షుడి చెవిన పడిందో చెప్పడానికి ఇంతకు మించిన ఆధారం లేదు. ఫలానా నిర్ణయం ఫలానా ఉత్తరం చూసి తీసుకున్నాడన్న వాదనలు ఈ పట్టీ ముందు ఎన్నోసార్లు వీగిపోతాయి. నిర్ణయం నాటికి ఆ ఉత్తరం ఇంకా దారిలోనే ఉంటుంది.

అధ్యక్షుడయ్యాక పట్టీలో పొడి అక్షరాలు కనిపిస్తాయి. యుద్ధశాఖకు, నౌకాశాఖకు, విదేశాంగానికి, ఖజానాకు చెందిన కాగితాలకు ఒక్కో అక్షరం గుర్తు. ఉద్యోగం అడిగే ఉత్తరాలకు పక్కన ఒక చిన్న ముక్క మాట. ఇలాంటివి కుప్పలుగా వచ్చేవి. వీటికి ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు: జవాబు ఇవ్వకపోవడం. ఒకరికి కారణం చెబితే అందరికీ చెప్పాలి, పని జరగడమో జరగకపోవడమో అదే జవాబు అన్నది ఆయన వాదన. ఏళ్ల తరబడి ఎదురుచూసిన అర్జీదారులకు ఇది కటువుగా తగిలి ఉంటుంది, కానీ ఒంటిచేత్తో రాసే మనిషికి వేరే దారి లేదు.

నకలు తీయడంలోని కష్టం

జవాబు వెళ్లిపోయాక అందులో ఏం రాశామో గుర్తుండాలి. గుమాస్తా ఉంటే ఎత్తి రాస్తాడు. గుమాస్తా లేకపోతే యంత్రం కావాలి.

జెఫర్సన్ 1780ల నుంచి 1804 దాకా ప్రధానంగా వాడింది జేమ్స్ వాట్ 1780లో పేటెంటు పొందిన నకలు ప్రెస్సు. దాని పని సులువు. ఆ రోజుల్లో సిరా అంటే మాచికాయ కషాయం, అన్నభేది, జిగురు. తెలుగునాట కరక్కాయ, అన్నభేదితో కాచుకున్న సిరాకు ఇది దగ్గరి చుట్టమే. నకలు తీయాలంటే ఆరకుండా ఎక్కువసేపు పచ్చిగా ఉండే చిక్కటి సిరాతో రాయాలి. పల్చని కాగితాన్ని తడిపి, అదనపు తడిని అద్ది తీసి, రాసిన పుట మీద పరిచి రోలరు కింద నొక్కాలి. కొంత సిరా పల్చని కాగితంలోకి దిగుతుంది. అక్షరాలు అద్దంలోలా తిరగబడి పడతాయి కాబట్టి ఆ కాగితాన్ని వెనక వైపు నుంచి చదవాలి.

ఇబ్బందులు చాలా వచ్చేవి. తడి ఎక్కువైతే అక్షరాలు అలికినట్టవుతాయి, అసలు ఉత్తరం కూడా పాడవుతుంది. తక్కువైతే నకలు వెలిసినట్టు ఉంటుంది. రాసి ఎక్కువసేపు ఆగితే సిరా ఎండిపోయి దిగదు. నొక్కాక అసలులో ఒక మాట చేరిస్తే నకలులో అది ఉండదు. పల్చని కాగితం మడతల దగ్గర చిరుగుతుంది. ఈ నకళ్లలో కొన్ని ఇవాళ దాదాపు చదవలేని స్థితిలో ఉన్నాయి.

1803లో జాన్ ఐజక్ హాకిన్స్ అమెరికాలో పాలిగ్రాఫ్ అనే జంట కలాల పరికరానికి పేటెంటు పొందాడు. దాన్ని తయారుచేసి అమ్మే పని ఫిలడెల్ఫియా చిత్రకారుడు చార్లెస్ విల్సన్ పీల్ తీసుకున్నాడు. వాస్తుశిల్పి బెంజమిన్ లాట్రోబ్ దగ్గరున్నదాన్ని చూసి, 1804లో జెఫర్సన్ కూడా ఒకటి తెప్పించుకున్నాడు.

ఇందులో రెండు ఈకకలాలను సన్నని కడ్డీల సమాంతర చట్రం కలిపి పట్టుకుంటుంది. ఒక కలంతో రాస్తుంటే రెండోది పక్క కాగితం మీద అదే కదలికను అనుసరిస్తుంది. రెండూ ఒకేసారి రెండు సిరాబుడ్లలో మునుగుతాయి. నకలు తిరగబడదు, మంచి మందపు కాగితం మీద అసలైన సిరాతోనే పడుతుంది. ఏది అసలు, ఏది నకలు అని తేల్చడం ఒక్కోసారి కష్టం.

అయితే రెండు కలాలూ ఒకే పొడవున, ఒకే కోణంలో చెక్కి ఉండాలి. ఈక మొన అరిగేకొద్దీ తేడా వస్తుంది, ఒకటి గీరుతుంటే ఇంకొకటి కాగితాన్ని తాకదు. కీళ్లు వదులైతే రెండో వరస వంకర పోతుంది. రాసేవాడి కళ్లు తన కలం మీదే ఉంటాయి కాబట్టి రెండోదానిలో సిరా అయిపోయిన సంగతి తెలిసేసరికి రెండు వరసలు ఖాళీగా పోతాయి. ఈ లోపాల మీద జెఫర్సన్, పీల్ ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకున్నారు. ఇది మార్చు, అది బిగించు అని ఆయన పంపిన సూచనలు, యంత్రాన్ని వెనక్కి పంపి మరొకటి తెప్పించుకోవడాలు చాలానే ఉన్నాయి. అంత తలనొప్పి ఉన్నా ఒకటి వాషింగ్టన్‌లో, ఒకటి మాంటిచెల్లోలో పెట్టుకుని చివరిదాకా వాడాడు.

తపాలు ఖర్చు, సముద్రం దూరం

1800 నాటికి దేశంలో 903 పోస్టాఫీసులు. పదేళ్ల కిందట 75. రేట్లు 1799 చట్టం ప్రకారం ఒక్కో కాగితానికి, దూరాన్ని బట్టి: 40 మైళ్ల దాకా 8 సెంట్లు, అక్కణ్ణుంచి మెట్లుగా పెరిగి 500 మైళ్లు దాటితే 25 సెంట్లు. రెండు కాగితాలైతే రెట్టింపు. కవర్లు లేవు, రాసిన కాగితాన్నే మడిచి లక్క వేసేవారు. డబ్బు మామూలుగా చెల్లించేది అందుకున్నవాడు.

అధ్యక్షుడికి ఆ బాధ లేదు. పై మడత మీద తన పేరు రాస్తే పోయే ఉత్తరం ఉచితం, వచ్చేదీ ఉచితమే. దీని ప్రభావం గమనించదగ్గది. అధ్యక్షుడికి రాయాలంటే ఎవరికీ పైసా ఖర్చు లేదు. ఉద్యోగార్థులు, ఖైదీల బంధువులు, కొత్త యంత్రం కనిపెట్టామనేవాళ్లు, పేరు లేకుండా తిట్లు రాసేవాళ్లు అందరికీ తలుపు తెరిచి ఉంది. అన్నీ ఆ ఒక్క బల్ల మీదికే వచ్చిపడేవి.

విదేశాల ఉత్తరాలకు ఇబ్బంది వేరు. ఓడ మునగవచ్చు, శత్రువు పట్టుకోవచ్చు. అందుకే రాయబారులు ఒకే ఉత్తరాన్ని రెండు మూడు ప్రతులు తీసి వేర్వేరు ఓడల్లో పంపేవారు, రహస్య భాగాలను అంకెల సంకేతాల్లో పెట్టేవారు. ఫ్రాన్స్ నుంచి లూసియానా అనే విశాల ప్రాంతాన్ని కొన్న ఒప్పందం మీద తేదీ 1803 ఏప్రిల్ 30. పారిస్ నుంచి ఆ వార్త వాషింగ్టన్ చేరింది జులై 3 రాత్రి, ఒప్పంద పత్రం జులై 14న. ఆరు నెలల్లోగా ఖరారు చేసుకోవాలని షరతు. అంటే అక్టోబరు 30 గడువు, అందులో రెండున్నర నెలలు సముద్రమే తినేసింది. సెనేట్ అక్టోబరు 20న 24–7 ఓట్లతో ఆమోదించింది. కొత్త భూభాగం కొనే అధికారం రాజ్యాంగంలో స్పష్టంగా లేదు కాబట్టి రాజ్యాంగ సవరణ ముందు తెద్దామన్న ఆలోచనను జెఫర్సన్ పక్కన పెట్టడానికి ఈ గడువు ఒత్తిడి ఒక కారణం.

బల్ల మీద ఉండిపోయిన కాగితాలు

కాగితం తయారై బట్వాడా కాకపోతే? ఆడమ్స్ పదవి దిగే ముందు కొలంబియా జిల్లాకు (రాజధాని వాషింగ్టన్ ఉన్న ప్రాంతం) 42 మంది శాంతి న్యాయాధికారులను, అంటే చిన్న తగాదాలు తీర్చే స్థానిక న్యాయాధికారులను నియమించాడు. సెనేట్ 1801 మార్చి 3న ఆమోదించింది. ఆడమ్స్ సంతకాలు చేశాడు, విదేశాంగ మంత్రి బాధ్యత చూస్తున్న జాన్ మార్షల్ ముద్ర వేశాడు. మార్షల్ తమ్ముడు జేమ్స్ కొన్ని పత్రాలు పంచడానికి తీసుకెళ్తూ, అన్నీ మోయడం వీలుకాక కొన్నిటిని తిరిగి ఆఫీసులో ఇచ్చేశాడు. ఆయన కోర్టుకు ఇచ్చిన ప్రమాణ పత్రంలోనే ఈ సంగతి ఉంది. మర్నాడు అధికారం మారింది. ఆ పత్రాలు విదేశాంగ శాఖ బల్ల మీద కనిపిస్తే వాటిని ఇవ్వవద్దని తానే చెప్పానని జెఫర్సన్ 1823లో రాశాడు.

పత్రం అందని విలియం మార్బరీ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1803 ఫిబ్రవరి 24న తీర్పు చెప్పింది ప్రధాన న్యాయమూర్తి అయిన ఆ జాన్ మార్షలే. సంతకం, ముద్ర పడితే నియామకం పూర్తయినట్టే, చేతికి అందించడం లాంఛనం మాత్రమే అన్నాడు. కానీ ఇప్పించే అధికారం తన కోర్టుకు ఇచ్చిన చట్ట భాగం రాజ్యాంగానికి విరుద్ధమని దాన్ని కొట్టేశాడు. చట్టాలను సమీక్షించే అధికారం మీద పాఠ్యపుస్తకాలు చెప్పే కేసు ఇదే. దాని మొదట్లో ఉన్నది మాత్రం గుమాస్తా స్థాయి బట్వాడా లోపం.

కట్ట బరువెక్కినప్పుడు

1807 డిసెంబరు 22న అమెరికా ఓడలు విదేశాలకు వెళ్లకుండా నిషేధం చట్టమయ్యాక ఈ పద్ధతి హద్దులు బయటపడ్డాయి. ఏ ఓడను వదలాలి, ఏ రేవుకు ఎంత పిండి రానివ్వాలి అన్న చిల్లర నిర్ణయాలు గాలటిన్ కట్టలోకి, అక్కణ్ణుంచి అధ్యక్షుడి దగ్గరకు చేరసాగాయి. పిండి కొరత ఉన్న రాష్ట్రాల గవర్నర్లే అనుమతి పత్రాలు ఇచ్చుకోవచ్చని 1808 మే నెలలో జెఫర్సన్ సర్క్యులర్ పంపాడు. మసాచుసెట్స్ గవర్నర్ జేమ్స్ సలివన్ విరివిగా ఇచ్చేశాడు, వాటిని కట్టడి చేయడానికి మళ్లీ ఉత్తరాలు నడపవలసి వచ్చింది. ఆ వేసవిలో జెఫర్సన్ మాంటిచెల్లోలో, గాలటిన్ న్యూయార్క్‌లో. నౌకరు నడిచి తెచ్చే కట్ట పోస్టు బండెక్కింది. న్యూ ఇంగ్లండ్ ఊళ్ల నుంచి నిషేధం ఎత్తేయమని అర్జీలు పోటెత్తితే, రెండు కలాల యంత్రం కూడా చాలక జవాబును అచ్చు వేయించుకోవలసి వచ్చింది.

మరి ఆ కాగితాలు ఎవరివి

వెనక్కి తిరిగిన కట్టలోని కాగితాలు శాఖల్లో ఉండిపోయాయి. అవి ప్రభుత్వానివే, అందులో ఎవరికీ అనుమానం లేదు. అధ్యక్షుడి పేరిట వచ్చినవి, ఆయన చిత్తులు, నకళ్లు, పట్టీ మాత్రం ఆయన ఇంట్లో, ఆయన జీతమిచ్చిన సెక్రటరీ ఎదుట, ఆయన కొన్న యంత్రం మీద పుట్టాయి. దిగిపోయేటప్పుడు వాటిని ఎవరికి అప్పగించాలి? అధ్యక్షుడి ఆఫీసంటూ ఒక సంస్థ లేదు, జాతీయ దస్త్రాల భవనమూ లేదు. శాఖల గదులూ అంత భద్రం కాదు. 1800 నవంబరులో యుద్ధశాఖ అగ్నికి ఆహుతైంది, 1801 జనవరిలో ఖజానాలో నిప్పంటుకుంది, 1814 ఆగస్టులో బ్రిటిష్ సేన రాజధానినే తగలబెట్టింది. ఇంటికి తీసుకెళ్లడమే ఆనాటికి జాగ్రత్త.

తర్వాత ప్రభుత్వం వాటిని డబ్బిచ్చి కొన్నది. వాషింగ్టన్ కాగితాలకు 1834లో 25,000, 1849లో మరో 20,000 డాలర్లు, జెఫర్సన్ కాగితాలకు 1848లో 20,000 డాలర్లు. సొంత ఉత్తరాలు వేరు, ప్రభుత్వ ఉత్తరాలు వేరు అని విడదీసే ప్రయత్నంలో జెఫర్సన్ కాగితాలు మరింత చెదిరాయి. ఒకే కాగితంలో గొర్రెల పెంపకం, స్పెయిన్‌తో సరిహద్దు తగాదా కలిసి ఉంటే దాన్ని ఏ కుప్పలో వేయాలి? ఇప్పుడు పెద్ద భాగం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో, మరో భాగం మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. 1978 చట్టం 1981 జనవరి 20 తర్వాతి అధ్యక్షులకు మాత్రమే వర్తిస్తుంది.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 1950 నుంచి జెఫర్సన్ ఉత్తరాలను సంపుటాలుగా అచ్చు వేస్తోంది. వాటి అడుగున ఉన్న సూచికల్లో ఒక మాట పదేపదే కనిపిస్తుంది: పట్టీలో నమోదైంది, ఉత్తరం దొరకలేదు. అలాంటి చోట్ల రాసిన మనిషి పేరు, ఊరు, పంపిన రోజు, చేరిన రోజు, ఏ శాఖకు వెళ్లిందో చెప్పే ఒక్క అక్షరం మిగిలాయి.